తగ్గింది కదా, ఇంకా గోలీలెందుకు?

ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ చెప్పే లెక్చరర్‌ని కాబట్టి మందుల గురించి అడిగేవాళ్లు నాకు ఎక్కడికి వెళ్లినా తగులుతారు. షుగర్ గోలీ అన్నానికి ముందా, తర్వాతా? యాంటీబయాటిక్ వేసుకుంటే పెరుగు తినొచ్చా? ఇలాంటివన్నీ పదిమందిలోనే అడిగేస్తారు. ఒక్క ప్రశ్న మాత్రం అలా అడగరు. వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి అడుగుతారు.

"పిల్ల మంచిగైంది గద. తింటున్నది, పండుకుంటున్నది. ఇంకా ఆ గోలీలు ఎందుకు?"

అడిగేది దాదాపు ప్రతిసారీ ఆడవాళ్లే. తల్లి, భార్య, వదిన, ఒక్కోసారి పెళ్లికాని కూతురు. జబ్బు ఇంట్లో ఎవరిదైనా మందుల డబ్బా మాత్రం ఆడవాళ్ల చేతిలోనే ఉంటుంది కదా! అందుకే స్కిజోఫ్రీనియా మందుల గురించి క్లాసులో చెప్పే పాఠాన్ని ఇక్కడ మీకు చెప్పాలనిపించింది.

మాది దేవరకొండ. ఖిల్లా గుట్టలు చూస్తూ పెరిగినదాన్ని. మా వైపు మనిషి తేడాగా మాట్లాడితే మొదట "గాలి సోకింది" అంటారు. తర్వాత "ఎవరో చేయించిండ్రు" అంటారు. తాయెత్తులు, దర్గాలు, భూతవైద్యులు అన్నీ అయి, చేతిలో ఉన్న డబ్బూ అయిపోయాక మాల్ మీదుగా హైదరాబాద్ బస్సెక్కుతారు. ఎర్రగడ్డ అనే ఊరి పేరునే తిట్టుగా వాడుకున్న మనకు, సొంత మనిషిని వెంటబెట్టుకుని అక్కడి ఆస్పత్రి మెట్లెక్కాలంటే కాళ్లాడవు. ఇంత కష్టపడి మొదలుపెట్టిన మందును నాలుగు నెలలు తిరక్కుండానే ఆపేస్తారు. చదువు లేకనా? కాదు. బాగా చదువుకున్న ఇళ్లలోనూ ఆపేస్తున్నారు. ఆ గోలీ లోపలికెళ్లి ఏం చేస్తుందో వాళ్లకెవరూ చెప్పరు. చీటీ రాసిస్తారు, అంతే.

మన వేరు నుంచే మొదలు

ఈ కథ మన దేశపు మొక్కతోనే మొదలవుతుంది. పేరు సర్పగంధి. పాతాళగంధి అని కూడా అంటారు. బీహార్ పల్లెల్లో దాని వేరును 'పిచ్చి మందు' అనే అర్థం వచ్చే పేరుతోనే పిలిచేవారు. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అనే ఇద్దరు వైద్యులు ఈ వేరు మతిచాంచల్యానికీ, రక్తపోటుకూ పనిచేస్తోందని ఒక వైద్య పత్రికలో రాశారు. అదే కలకత్తాలో స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో ఫార్మకాలజీ ప్రొఫెసర్‌గా ఉన్న రామ్‌నాథ్ చోప్రా కూడా ఈ వేరు మీద పరిశోధనలు చేశారు. ఆయన్ని మన దేశ ఫార్మకాలజీకి పితామహుడంటారు. అప్పట్లో ఇవేవీ పై దేశాల వాళ్లు పట్టించుకోలేదు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు ఆ వేరులో ఉన్న అసలు పదార్థాన్ని విడదీసి రిసర్పిన్ అని పేరు పెట్టాకనే లోకం కన్ను పడింది.

సరిగ్గా అదే ఏడాది పారిస్‌లో జాన్ డిలే, పియర్ డెనికర్ అనే డాక్టర్లు క్లోర్‌ప్రోమజిన్ అనే మరో మందును మానసిక రోగులకు ఇచ్చి గుణం చూశారు. 1954లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాక్‌లాండ్ ఆస్పత్రిలో నేథన్ క్లైన్ రిసర్పిన్ ఇచ్చి చూశాడు. మందు పనిచేస్తోందని ఆ ఆస్పత్రిలో ముందుగా కనిపెట్టింది కిటికీలకు అద్దాలు బిగించే పనివాడట! పగిలే అద్దాలు తగ్గిపోయి అతనికి పని లేకుండా పోయిందని చెప్పుకుంటారు.

ఒక మాట. ఇది చదివి సర్పగంధి వేరు పొడి కొనుక్కొచ్చేరు, వద్దు. అది రక్తపోటును బాగా పడేస్తుంది, కొందరిని తీవ్రమైన దిగులులోకి నెడుతుంది. అందుకే మానసిక వ్యాధులకు రిసర్పిన్‌ను ఇప్పుడు దాదాపు వాడటం లేదు. డాక్టర్ ఇచ్చిన గోలీలతో కలిపి ఆ పొడి ఇవ్వడం మరీ ప్రమాదం.

చెవులు వాల్చిన కుందేళ్లు

మందు పనిచేస్తోందని తెలిసింది గానీ ఎలా పనిచేస్తోందో ఎవరికీ తెలీదు. ఆ ముడి విప్పినవాడు స్వీడన్‌లోని లండ్ యూనివర్సిటీలో ఫార్మకాలజీ బోధించే అర్విడ్ కార్ల్‌సన్. 1923లో పుట్టాడు. అంతకుముందు ఒంట్లో కాల్షియం మీద పరిశోధన చేసి ప్రొఫెసర్ పదవికి దరఖాస్తు పెట్టుకుంటే, "కాల్షియం ఫార్మకాలజీ కిందికి పెద్దగా రాదు" అని కమిటీ వాళ్లు పెదవి విరిచారు. లెక్చరర్లం కదా, ఈ ముక్క చదివినప్పుడల్లా నాకు ఆయన మీద ఆపేక్ష కలుగుతుంది! దాంతో ఆయన దారి మార్చి, 1955లో అమెరికాలో బెర్నార్డ్ బ్రోడీ ప్రయోగశాలకు వెళ్లి కొన్ని నెలలు పనిచేశాడు. రిసర్పిన్‌తో పరిచయం అక్కడే.

తిరిగొచ్చాక కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చాడు. అవి చెవులు వాల్చేసి, కళ్లు మూతపడి, బొమ్మల్లా కదలకుండా కూర్చుండిపోయాయి. అప్పుడు ఎల్-డోపా అనే పదార్థం ఎక్కించాడు. పావుగంటలో లేచి మామూలుగా తిరగసాగాయి! 1957లో మార్గిట్ లిండ్‌క్విస్ట్ అనే సహచరురాలు, టోర్ మాగ్నసన్ అనే మరొకతనితో కలిసి దీన్ని 'నేచర్' పత్రికలో ప్రకటించాడు. ఎల్-డోపా మెదడులోకి వెళ్లి డోపమిన్‌గా మారుతుంది. అంతవరకూ డోపమిన్ అంటే మరో రసాయనం తయారీలో మధ్య మజిలీ అనే అనుకునేవారు. కాదు, అదే ఒక వార్తాహరి అని, మెదడులో ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోస్తుందని ఆయన అన్నాడు. పెద్దలు చాలామంది మొదట నమ్మలేదు. 2000లో మరో ఇద్దరితో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 2018లో, 95 ఏళ్ల వయసులో పోయాడు.

మనకు కావలసిన అసలు సంగతి 1963 నాటిది. మళ్లీ మార్గిట్ లిండ్‌క్విస్ట్‌తోనే కలిసి, ఈసారి చిట్టెలుకలకు క్లోర్‌ప్రోమజిన్, హాలోపెరిడాల్ ఇచ్చి చూశాడు. రిసర్పిన్‌లా ఇవి డోపమిన్ నిల్వను ఖాళీ చెయ్యలేదు. పైపెచ్చు, డోపమిన్ ఎక్కువగా ఖర్చవుతున్న గుర్తులు కనిపించాయి. ఇదేం వింత? తలుపు లోపల గడియ పడితే బయటివాడు ఇంకా గట్టిగా బాదుతాడు చూడండి, అలాగన్నమాట. కబురు అందుకునే గుమ్మాన్ని మందు మూసేస్తోంది కాబట్టి కణం ఇంకా ఎక్కువ కబుర్లు పంపుతోందని ఊహించాడు. 1970లలో ఫిలిప్ సీమన్, సాలమన్ స్నైడర్ వేర్వేరుగా ఆ గుమ్మాలను పరీక్షించి, ఏ మందు గుమ్మాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటే రోగికి అంత తక్కువ మోతాదు సరిపోతోందని తేల్చారు.

ఇంతకీ డోపమిన్ చేసే పనేమిటి? దాని పనుల్లో ఒకటి, "ఇది ముఖ్యం, పట్టించుకో" అని మనసుకు చెప్పడం. స్కిజోఫ్రీనియాలో ఆ గంట అకారణంగా మోగుతూనే ఉంటుంది. పక్కింటాయన దగ్గితే అది తన కోసమే అనిపిస్తుంది. టీవీలో వార్తలు చదివే ఆమె తన గురించే చెబుతోందనిపిస్తుంది. గోలీ ఆ గంట శబ్దాన్ని తగ్గిస్తుంది. ఆ నమ్మకాన్ని రాత్రికి రాత్రే చెరిపెయ్యదు. దాని పట్టు మెల్లగా సడలుతుంది. వారం వేసి "గుణం లేదు" అని మానేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

చిన్నమ్మ ఫోను

రెండేళ్ల కిందట ఒక రాత్రి పదిన్నర దాటాక దేవరకొండ నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసింది. ఆమె కూతురికి, అంటే నాకు చెల్లెలికి, అప్పటికి ఇరవై నాలుగేళ్లు. బీఎడ్ చేసి ప్రైవేటు బడిలో చెప్పేది. చెవుల్లో మాటలు వినిపిస్తున్నాయని తిండి మానేస్తే, హైదరాబాద్‌లో చూపించి రిస్పెరిడోన్ మొదలుపెట్టారు. రెండు నెలల్లో కుదుటపడి, మళ్లీ పిల్లల నోటుబుక్కులు దిద్దుకోవడం మొదలుపెట్టింది. అంతా బాగుందనే అనుకుంటున్నాను.

"బిడ్డా, ఒక మాట అడుగుత. మీ బాపుకు గూడ చెప్పకు" అంది చిన్నమ్మ. మాట వణుకుతోంది. "చెల్లెకు మూడు నెలల సంది ముట్టు రాలె. జాకెట్టు తడుస్తున్నది. పాలు బిడ్డా! పెండ్లిగాని పిల్లకు పాలేందే?"

ఆమె ఏం భయపడుతోందో నేను వేరే చెప్పక్కర్లేదు. కూతుర్ని నిలదీసిందట. ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి పడుకుందట. గోలీలు ఆపేసి అప్పటికే ఎనిమిది రోజులు.

డోపమిన్‌కు మెదడులో ఒక్కచోటే కాదు పని. మెదడు కింద వేలాడే పిట్యూటరీ గ్రంథిలో అది మూతలా ఉంటుంది. పాలిచ్చే తల్లికి పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ మామూలప్పుడు పొంగకుండా ఆపేది ఆ మూతే. ఆలోచనల దగ్గర గుమ్మం మూసిన గోలీయే ఇక్కడ ఈ మూతనూ కదిలిస్తుంది. ప్రొలాక్టిన్ పొంగుతుంది. పాలు వస్తాయి, నెలసరి ఆగిపోతుంది. పిల్ల తప్పు చెయ్యలేదు, ఒంట్లో విషమూ చేరలేదు. మందు తన పని తాను చేసుకుపోతూ, అక్కర్లేని చోట కూడా చేస్తోంది.

"అయితే ఇది గోలీదేనా? పిల్లది కాదా?" అని చిన్నమ్మ ముమ్మారు అడిగింది. నెలసరి ఆగినప్పుడు గర్భం కాదని నిర్ధారించుకోవడం, రక్తంలో ప్రొలాక్టిన్ చూడటం ఏ డాక్టరైనా చేసే పనే. ఆ రెండూ చేశాక మెల్లగా అరిపిప్రజోల్ అనే మందుకు మార్చారు. రెండో నెలకు నెలసరి వచ్చింది.

రిస్పెరిడోన్, హాలోపెరిడాల్, అమిసల్‌ప్రైడ్ లాంటి వాటితో ఈ ఇబ్బంది ఎక్కువ. ఒలాంజపిన్, క్వెటియాపిన్‌లతో తక్కువ. అరిపిప్రజోల్‌తో దాదాపు ఉండదు. అలాగని ఒలాంజపిన్ అమాయకురాలేమీ కాదు, ఒళ్లు పెంచుతుంది, షుగర్ తెస్తుంది. ఏళ్ల తరబడి నెలసరి రాకపోతే ఎముకలు గుల్లబారతాయి కాబట్టి "రాకపోతే పోనీ, హాయి" అనుకోకూడదు. పెళ్లయినవాళ్లు ఇంకొకటి గమనించాలి. మందు మారిస్తే మళ్లీ గర్భం నిలిచే వీలుంటుంది. ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. గర్భం వచ్చిందని తెలియగానే భయపడి ఎవరికి వారే మందులు ఆపెయ్యడం కూడా మంచిది కాదు.

కాళ్లూ చేతులూ బిగుసుకుంటే

కదలికలు నడిపేదీ డోపమినే. కార్ల్‌సన్ కుందేళ్లు బొమ్మల్లా కూర్చున్నది అందుకే. కొందరు రోగులు చేతులు వణుకుతూ, మొహంలో కళ లేకుండా, చిన్న చిన్న అడుగులు వేస్తూ నడవడమూ అందుకే. మందు మొదలైన రెండు మూడు రోజుల్లో, ముఖ్యంగా కుర్రవయసు వాళ్లకు, ఒక్కోసారి మెడ ఒకపక్కకు మెలిపడుతుంది, కనుగుడ్లు పైకి తేలిపోతాయి. నాకు తెలిసిన ఒకింట్లో అది చూసి "ఒంట్లోంచి అది పోతలేదు" అని మళ్లీ భూతవైద్యుణ్ని పిలిచారు. ఆస్పత్రికి తీసుకెళ్తే ఒక ఇంజెక్షన్‌తో కాసేపట్లో సర్దుకునే బాధ అది.

టొరంటోలో పనిచేస్తుండగా మన భారతీయుడే అయిన డాక్టర్ షితిజ్ కపూర్ 2000లో ఒక చక్కటి పరిశోధన ప్రచురించారు. జబ్బు కొత్తగా మొదలైన 22 మందికి తక్కువ మోతాదులో హాలోపెరిడాల్ ఇచ్చి, మెదడులో ఎన్ని గుమ్మాలు మూసుకున్నాయో స్కానింగ్‌లో లెక్కపెట్టారు. 65 శాతం దాటితే జబ్బు తగ్గే అవకాశం పెరిగింది. 72 దాటితే ప్రొలాక్టిన్ పెరిగింది. 78 దాటితే బిగుసుకోవడం మొదలైంది. 65కూ 78కీ మధ్య దూరం ఎంతని! అందుకే "ఒకటికి రెండు వేస్తే తొందరగా తగ్గుతుంది" అనుకోవడం పొరపాటు. అందుకే, ఒళ్లు బిగుసుకుంటే మందు పారెయ్యక్కర్లేదు కూడా. కొంచెం తగ్గిస్తేనో, మారిస్తేనో సరిపోవచ్చు. వణుక్కి ట్రైహెక్సీఫెనిడిల్ రాస్తారు, పాసిటేన్ అంటే చాలామంది గుర్తుపడతారు. దాన్నీ అలవాటుగా ఏళ్ల తరబడి మింగించకండి, నోరెండిపోతుంది, మతిమరుపు వస్తుంది.

ఆపితే ఏమవుతుంది?

మోసం ఎక్కడుందంటే, ఆపిన మర్నాడు ఏమీ కాదు. వారానికీ కాదు. చేతుల బిగువు తగ్గి, మొహంలో కళ వచ్చి, మనిషి ఇంకా బాగున్నట్టే కనిపిస్తాడు. "చూశావా, మానేస్తేనే నయం" అంటారు ఇంట్లో. జబ్బు తిరగబెట్టేది వారాలకో నెలలకో. అప్పటికి గోలీలు మానిన సంగతి అందరూ మరిచిపోయి ఉంటారు, తప్పు దిష్టి మీదికో, అమావాస్య మీదికో పోతుంది.

జర్మనీకి చెందిన స్టెఫాన్ లాయిష్ట్, ఆయన సహచరులు 65 పరిశోధనలను కలిపి చూసి 2012లో 'లాన్సెట్'లో ప్రకటించారు. మందు కొనసాగించిన వందమందిలో ఏడాదిలోపు జబ్బు తిరగబెట్టింది 27 మందికి. ఆపినవాళ్లలో 64 మందికి. మందు వాడుతున్నా తిరగబెట్టేవాళ్లున్నారు, ఆపినా బాగున్నవాళ్లూ ఉన్నారు, దాచడం ఎందుకు? కానీ మనమ్మాయి ఏ లెక్కలోకి వస్తుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు. మొదటిసారి వచ్చినవాళ్లకు కనీసం ఒకటి రెండేళ్లు, మళ్లీ మళ్లీ వచ్చినవాళ్లకు ఇంకా ఎక్కువకాలం వాడమంటారు. తగ్గించాలన్నా డాక్టర్ చూస్తుండగా కొంచెం కొంచెంగానే.

మందు చెయ్యలేనిదీ ఒకటుంది. మాటలు వినిపించడం ఆగినా, ఏ పని మీదా మనసు పోకపోవడం, స్నానానికి కూడా లేవబుద్ధి కాకపోవడం చాలామందిలో మిగిలిపోతుంది. దాన్ని "ఒళ్లు బరువు" అని అత్తగారు తిడుతుంది. అది జబ్బులో భాగం. ఈ గోలీలు దానిమీద అంతగా పనిచెయ్యవు.

రెండు మూడు రకాలు వాడినా లొంగని జబ్బుకు క్లోజపిన్ ఉంది. 1988లో జాన్ కేన్ అమెరికాలో చేసిన పరిశోధనలో అలాంటి మొండి రోగుల్లో 30 శాతం మందికి దానితో గుణం కనిపించింది, పాత క్లోర్‌ప్రోమజిన్‌తో 4 శాతానికే. అది తెల్లరక్తకణాలను పడేసే ప్రమాదం ఉంది కాబట్టి మొదట్లో వారం వారం రక్తపరీక్ష తప్పదు. ఇక 2024 సెప్టెంబరులో అమెరికాలో జనోమెలిన్, ట్రోస్పియమ్ కలిపిన మందుకు అనుమతి ఇచ్చారు. డోపమిన్ గుమ్మాన్ని ముట్టుకోకుండా వేరే దారిన పనిచేసే మొదటి మందు అదే.

పప్పులో కలిపి, పెట్టెలో దాచి

"గోలీ అంటే మొహం తిప్పుకుంటాడు, పప్పులో కలిపి పెడుతున్నా" అని చెప్పే భార్యలు నాకు చాలామంది తెలుసు. వాళ్ల కష్టం నాకర్థమవుతుంది. కానీ అసలే "నాకు విషం పెడుతున్నారు" అని అనుమానించే జబ్బు ఇది. ఒక్కసారి కంచంలో తెల్లటి పొడి కనిపించిందా, ఇక ఆ చేతి అన్నం తినడు. దీనికి వేరే దారి ఉంది. రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేసే ఫ్లుఫెనజిన్ ఇంజెక్షన్ పాతదే. నెలకోసారి వేసే కొత్తవీ వచ్చాయి. మనిషి బాగున్నప్పుడు, మాట వినే స్థితిలో ఉన్నప్పుడు కూర్చోబెట్టి అడిగితే, రోజూ గోలీ కంటే అదే నయమని ఒప్పుకునేవాళ్లున్నారు.

ఇక పెళ్లి. "పెండ్లి చేస్తే అదే కుదురుకుంటది" అనే మాట మా దేవరకొండలోనే కాదు, అమెరికాలో ఉన్న మనవాళ్ల నోటా విన్నాను. మా చెల్లెలికీ మొన్న ఒక సంబంధం వచ్చింది. చెప్పకుండా కానిచ్చేద్దామన్నారు మగవాళ్లు. అత్తారింట్లో చీరల మడతల్లో గోలీలు దాచుకుని, ఎవరూ చూడనప్పుడు నీళ్లు లేకుండా మింగే పిల్ల ఎన్నాళ్లు మింగగలదు? నిద్ర లేక, కొత్త ఇల్లు, కొత్త మనుషులు, పైన ఆపేసిన మందు. ఈ మాట చిన్నమ్మే అందరి ముందూ అంది, నేను కాదు. పిల్లవాడి వాళ్లకు చెప్పారు. వాళ్లు మళ్లీ కబురు చెయ్యలేదు. చెల్లె రెండు రోజులు అన్నం సరిగా తినలేదు, మూడో రోజు బడికి పోయింది. ప్రస్తుతానికి సంగతి అంతవరకే.

డబ్బు సంగతికొస్తే, 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, సర్కారు ప్రకటించిన అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటిని ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఇవ్వాలి. గట్టిగానే అడగండి. బస్సెక్కే ముందు ఏదైనా తెలుసుకోవాలంటే 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరది. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు రోజు రాత్రి ఒక చిట్టీ రాసుకోండి. మగ డాక్టర్ ముందు, పక్కన మామగారు నిలబడి ఉండగా, నెలసరి ఆగిందని ఏ ఆడపిల్ల నోరు తెరుస్తుంది? ఆఖరి నెలసరి తేదీ, పాలు వస్తున్నాయా, బరువు ఎంత పెరిగింది, చేతులు వణుకుతున్నాయా, ఎన్ని రోజులు గోలీ తప్పింది. ఈ అయిదూ రాసి, మాట్లాడకుండా బల్ల మీద పెట్టండి. మా చిన్నమ్మ పాత క్యాలెండర్ కాగితాల వెనక రాస్తుంది. డాక్టర్ ముందు అది చదివాకే తల ఎత్తి పిల్ల వైపు చూస్తాడట.